మూడో బుట్ట

బడి, ఒకటో తరగతి గది
జూలై 4

అన్నయ్యా,

నీ కూతురు క్షేమం. దానికి పాఠం చెబుతున్న నా సంగతే అనుమానం. వదిన దానికి మిరియం అని ముద్దుపేరు పెట్టినప్పుడు ఇదేం పేరని నవ్వాను. ఇప్పుడు నవ్వడం లేదు. చూడ్డానికి గింజంత ఉంటుంది, కొరికినవాళ్లకు తెలుస్తుంది.

ఇంట్లో అత్త అనాలి, బడిలో టీచర్ అనాలి అని మొదటిరోజే చెప్పాను. రెండు పేర్లు దండగని రెండూ కలిపి "టీచరత్తా" అని పిలుస్తోంది. ఇప్పుడు తరగతి మొత్తానికీ నేను టీచరత్తనే. మొన్న హెడ్‌మాస్టరు గారు కూడా నోరు జారారు.

ఈ వారం పాఠం ప్రాణం ఉన్నవి, ప్రాణం లేనివి. పద్దెనిమిదేళ్లుగా చెబుతున్నాను, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. బల్ల మీద రెండు బుట్టలు పెడతాను. ఆకుపచ్చ బుట్టలో ప్రాణం ఉన్నవి, గోధుమరంగు బుట్టలో లేనివి. పిల్లలు తలా ఒక వస్తువో బొమ్మో తెచ్చి వేయాలి. చీమ, మొక్క, రాయి, చెంచా అన్నీ బాగానే పడ్డాయి. ఒకడు వాళ్ల తాతయ్య ఫొటో తెచ్చి, "ఎప్పుడూ పడుకునే ఉంటాడు, పిలిస్తే పలకడు" అంటూ గోధుమరంగు దానిలో వేశాడు. మనవణ్ణి తీసుకెళ్లడానికి సాయంత్రం ఆ తాతగారే వస్తారు కాబట్టి గబగబా తీసి ఇటు పెట్టాను.

అంతలో మన మిరియం స్టాఫ్‌రూమ్‌లోంచి టేబుల్ ఫ్యాను ఈడ్చుకొచ్చింది. బుట్టలో పట్టకపోతే, ఉన్నవన్నీ బల్ల మీద పోసి ఆకుపచ్చ బుట్టను దాని నెత్తిన బోర్లించింది.

"ఫ్యానుకి ప్రాణం లేదమ్మా" అన్నాను.

"ఎందుకు లేదు? గాలి వదుల్తుంది. కరెంటు తింటుంది. తల తిప్పి అందర్నీ చూస్తుంది. ఒంట్లో బాగోకపోతే వేడెక్కి మూలుగుతుంది."

"పిల్లల్ని పెడుతుందా మరి?"

"నువ్వు పెట్టావా?" అంది.

తరగతిలో ఎవరికీ అర్థం కాలేదు, బతికిపోయాను. సరే, చివరి ప్రశ్న వేశాను. "ఆగిపోతే ఏమవుతుంది?"

"ఆగిపోతే నాన్న దగ్గరికి తీసుకొస్తారు. నాన్న బాగుచేస్తాడు. మళ్లీ తిరుగుతుంది. అమ్మ కూడా అంతే."

ఆ చివరి మాట విన్నాక నాకు పాఠం సాగలేదు. గంట కొట్టకముందే పిల్లల్ని ఆటకు వదిలేశాను.

వదినకు ఎలా ఉంది? నిజం రాయి. గొంతు ఆపరేషన్ అయ్యాక మాట రావడం లేదు కదా, అందుకని అమ్మ ఉత్తరాలు రాస్తుందని దానికి చెప్పి ఉంచాను. నువ్వు కూడా ఫోను చేయకు. ఫోను మోగితే నా చెవి పక్కన దాని చెవి ఉంటుంది. బడి చిరునామాకు రాయి.

నీ చెల్లెలు


ఆస్పత్రి, రెండో అంతస్తు వరండా
జూలై 9

చెల్లీ,

ఉత్తరాలు నాకు చేతకావని నీకు తెలుసు. నేను రాసేదల్లా బాగుచేయడానికి వచ్చిన ఫ్యాను మీద అంటించే చీటీ. ఎవరిది, ఏం జబ్బు, ఎప్పటికి కావాలి. ఇదీ అలాగే రాస్తాను.

మీ వదినకు తగ్గదు. డాక్టరమ్మ నిన్న నన్ను పక్కకు పిలిచి చెప్పింది. జబ్బు గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి పాకింది. ఇంకా కొన్ని వారాలు. "మేం చేయగలిగిందంతా చేశాం" అంది. కాయిల్ పూర్తిగా మాడిపోయిన ఫ్యాను వస్తే నేను కూడా ఇదే మాట అంటాను. అంటాను గానీ రెండు రోజులు పోయాక మళ్లీ దాన్ని విప్పుకుని కూర్చుంటాను. ఆవిడ కూర్చోదు కాబోలు.

మిరియం అలా మాట్లాడటంలో దాని తప్పేం లేదు. కొట్లో నా స్టూలు పక్కన పెరిగిన పిల్ల. ఆగిపోయిన ఫ్యాన్లు లోపలికి రావడం, తిరిగే ఫ్యాన్లు బయటికి పోవడం, అదొక్కటే చూసింది. ఎంతకీ బాగుపడనివాటిని దాని కంట పడకుండా మూల గోనెసంచి కింద దాచేవాణ్ణి. "నాన్న చేతిలో పడితే తిరగనిది లేదు" అని తల్లీకూతుళ్లిద్దరూ నన్ను ఆకాశానికెత్తేవాళ్లు. నాకూ బాగానే ఉండేది.

మీ వదినను ఇక్కడ చేర్చిన రోజు అది నా సంచిలో ఒక స్క్రూడ్రైవరు పెట్టింది. చిన్నది, ఎర్ర పిడిది. "అమ్మకి పెద్దది వద్దు, నొప్పి" అంది. అది ఇప్పటికీ నా జేబులోనే ఉంది.

ఒక్కటి అడుగుతున్నాను, కాదనకు. ఆ పాఠం ఆపెయ్. ప్రాణం ఉన్నవి ఒకసారి ఆగిపోతే మళ్లీ మొదలవవు అని నువ్వు చెప్పాల్సిన రోజొకటి ఉంటుంది కదా, ఆ రోజు రానివ్వకు. అది నేను చెప్పాలి. ఎలాగో నాకింకా తెలియదు. నేను వచ్చేదాకా ఆగు.

అన్నయ్య


బడి, నీళ్ల పంపు దగ్గర అరుగు
జూలై 18

అన్నయ్యా,

నీ ఉత్తరం స్టాఫ్‌రూమ్‌లో చదవలేక ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు రాయడానికీ ఇక్కడికే వచ్చాను. వదిన నా కంటే రెండేళ్లు చిన్నది. పెళ్లయిన కొత్తలో నా చీర కట్టుకుని, తిరిగిచ్చేటప్పుడు నా కంటే బాగా మడత పెట్టి ఇచ్చింది. ఎందుకో పొద్దుటి నుంచి ఆ మడతే కళ్ల ముందు ఉంది.

పాఠం ఆపాను. లెక్కల్లోకి దూకేశాను. అయితే నువ్వు చేస్తున్నది మంచిదని మాత్రం ఒప్పుకోను. పిల్లలు మనం అనుకున్నంత చిన్నవాళ్లు కారు.

ఆపకముందే ఒకటి చెప్పేశాను, దాచడం ఎందుకు. ఈ పంపు దగ్గర తడికి నత్తలు వస్తాయి. కదలనంత మాత్రాన ప్రాణం లేనట్టు కాదు, వేలితో మెల్లగా తట్టండి, తర్వాత ఆగి చూడండి అన్నాను. ప్రాణం ఉంటే ఏదో ఒక జవాబు ఇస్తుంది, కొమ్ములు లోపలికి లాక్కుంటుంది, లేదా బయటికి చాస్తుంది. తట్టి చూడు, ఆగి చూడు. పిల్లలకు అది పాటలా పట్టుబడింది. కనిపించినవాటన్నిటినీ తడుతున్నారు. హెడ్‌మాస్టరు గారు కుర్చీలో కునుకు తీస్తుంటే ఆయన్నీ తట్టారు. జవాబు వచ్చింది.

మిరియం తట్టిన నత్త ఖాళీ గుల్ల. ఆటల గంటంతా దాని ముందు గొంతుకూర్చుంది. చివరికి గుల్లను, ఒక ఎండుటాకును పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇవి ఏ బుట్టలో?"

"లేనివాటిలో."

"అందులో రాయి ఉంది. రాయి ఎప్పుడూ బతకలేదు. ఇవి బతికాయి కదా. అన్నీ ఒకటే ఎలా అవుతాయి?"

"ఉన్నవి రెండు బుట్టలే, నసపెట్టకు" అని కసిరాను. పద్దెనిమిదేళ్లలో ఈ ప్రశ్న నాకెందుకు తట్టలేదో తెలియదు. అది రెండింటినీ తన టిఫిన్ డబ్బాలో పెట్టుకుని వెళ్లిపోయింది.

లోపల చీటీ ఉంది, వదినకు ఇవ్వు. అది చెబుతుంటే నేను రాశాను: "అమ్మా, మనిద్దరం కొట్లో దాచింది ఏంటో గుర్తుందా? గుర్తుంటే ఏంటో రాయి. నాన్నకి చెప్పొద్దు."

నీ చెల్లెలు


కొట్టు
ఆగస్టు 2

చెల్లీ,

మీ వదిన పోయింది. జూలై ఇరవై నాలుగు, పొద్దున పదిన్నరకు. ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

నిన్ను పిలవలేదు. పిలిస్తే దాన్ని ఎక్కడ వదిలి వస్తావు? తీసుకొస్తే ఏం చెబుతాను? ఆలోచించే లోపే అంతా అయిపోయింది. తిట్టు, పడతాను.

మిరియం చీటీ ఇరవై ఒకటిన అందింది. ఆవేళ మీ వదిన బాగా నిద్రలో ఉంది. లేపడం ఎందుకు, రేపు చూపిద్దాం అనుకున్నాను. మర్నాటి నుంచి తనకు తెలివి లేదు. చీటీ నా దగ్గరే ఉండిపోయింది.

తను మిరియం కోసం ఆరు ఉత్తరాలు రాసి పెట్టింది. కవర్ల మీద నంబర్లు వేసింది. ప్రతిదాని చివరా ఎప్పటిలాగే ఫ్యాను బొమ్మ, అయిదు రెక్కలతో, పువ్వులా. పదేళ్లు నాతో కాపురం చేసి కూడా ఫ్యానుకు మూడు రెక్కలు గీయడం రాలేదు తనకు. ఎన్నిసార్లు చెప్పినా "నా ఫ్యాను నా ఇష్టం" అనేది.

నీ దగ్గర దాచను. "నేను పోయానని దానికి చెప్పి, ఆ తర్వాత ఇవి చదివి వినిపించండి" అని మీ వదిన పలక మీద రాసింది. నేను తల ఊపాను. ఇప్పుడు నావల్ల కావడం లేదు. వారానికి ఒకటి పంపుతాను. అమ్మ పంపిందని చదువు. నాకు కొంచెం సమయం ఇవ్వు. నేనే వచ్చి చెబుతాను. నువ్వు చెప్పనని మాట ఇవ్వు.

అన్నయ్య


బడి
ఆగస్టు 6

తొమ్మిది రోజులు!

నేను ఆ తొమ్మిది రోజులూ ఏం చేశానో చెప్పనా? పిల్లలకు ఎక్కాలు చెప్పాను. వదినకు నచ్చుతుందని ఒక నూలు దుప్పటి కొన్నాను. మిరియానికి తల దువ్వుతూ, అమ్మ వచ్చేసరికి జడ ఇంత అవుతుంది అని రోజూ కొలిచి చూపించాను. ఆ మాట అన్నప్పుడల్లా ఆమె లేదు. నా నోటితో దానికి అబద్ధం చెప్పించావు, అదీ నాకు తెలియకుండా.

నీ కష్టం ముందు నా కోపం ఎంతని నాకు తెలుసు. అయినా కోపంగానే ఉంది. చివరిచూపు నీ ఒక్కడి సొత్తు కాదు.

మొదటి ఉత్తరం చదివి వినిపించాను. గొంతు వణకలేదు, ఇన్నేళ్ల టీచరు ఉద్యోగం దానికి పనికొచ్చింది. "నీ పళ్లు రెండుపూటలా తోముకో, అత్తను ఏడిపించకు" అన్న చోట అది నవ్వింది. ఫ్యాను బొమ్మ రెక్కలు లెక్కపెట్టి తలగడ కింద పెట్టుకుంది. ఆ తర్వాత అడిగింది, "దాచింది ఏంటో రాయలేదేం?"

మాట ఇస్తున్నాను. నాకిష్టం లేదని కూడా రాస్తున్నాను. త్వరగా రా.


బడి
ఆగస్టు 28

అన్నయ్యా,

నాలుగు ఉత్తరాలు అయ్యాయి. ప్రతిసారీ ఇదే వరస. మొదటినుంచి చివరిదాకా కదలకుండా వింటుంది. తర్వాత, "నేనడిగింది చెప్పిందా?" అంటుంది. లేదంటాను. మళ్లీ అదే ప్రశ్నతో చీటీ రాయిస్తుంది. కోపం లేదు, మారాం లేదు. నాకదే భయంగా ఉంది.

వదిన ఉత్తరాల్లో ప్రశ్నలు ఉన్నాయి అన్నయ్యా. అన్నం తింటున్నావా, ఎవరితో స్నేహం చేశావు అని. మిరియం వాటికి జవాబులు చెబుతుంది, నేను రాసి నీకు పంపుతున్నాను. తర్వాత వచ్చే ఉత్తరంలో ఆ జవాబుల ఊసే ఉండదు. ఎలా ఉంటుంది? "నాకు కొత్త నేస్తం దొరికిందని రాశాను కదా, అమ్మ దాని పేరు అడగలేదు" అంది నిన్న.

నువ్వు రావాలి. ఇంక ఉత్తరాలు సరిపోవు.

నీ చెల్లెలు


కొట్టు
సెప్టెంబరు 3

చెల్లీ,

వాళ్లిద్దరూ దాచిందేదో దొరుకుతుందని నాలుగు రోజులు కొట్టు మూసి వెతికాను. బేరింగుల డబ్బాలు, పాత వైర్ల పెట్టెలు, కండెన్సర్ల అట్టపెట్టెలు అన్నీ బోర్లించాను. వైండింగ్ మిషను కింద, మీ వదిన కూర్చునే బల్ల సొరుగుల్లో, గోడ పగుళ్లలో కూడా చూశాను. మూల గోనెసంచి కింద ఒక్కటే చూడలేదు. అది నేను దాచే చోటు, వాళ్లకు తెలియదు. ఏమీ దొరకలేదు.

అందుకని అయిదో ఉత్తరం ఆపి, నేనే ఒకటి రాశాను. తన పాత చీటీలు ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం దిద్దాను. "మనం దాచింది నాకు బాగా గుర్తుంది బంగారూ. కానీ అది రహస్యం కదా, ఉత్తరంలో రాయకూడదు" అని. చివర ఫ్యాను కూడా గీశాను. నా అక్షరమని నువ్వే పోల్చలేవు, చూడు.

ఇది తప్పని తెలుసు. వచ్చే నెల తప్పకుండా వస్తాను. ఈ ఒక్కసారికి చదివెయ్.

అన్నయ్య


బడి, ఒకటో తరగతి గది
సెప్టెంబరు 9

అన్నయ్యా,

చదివాను. అక్షరం నిజంగానే పోల్చలేకపోయాను. మిరియం విన్నది, కాగితం అడిగి తీసుకుంది, చాలాసేపు చివరి బొమ్మ వైపు చూసింది.

"ఇది నాన్న ఫ్యాను" అంది.

అప్పుడు చూశాను నేను కూడా. మూడు రెక్కలు. ఒక్కో రెక్కకు రెండేసి బోల్టులు. పైన కప్పు, దాని కింద కొక్కెం, రెక్కల వంపుతో సహా సరిగ్గా గీశావు. చేతులారా నిన్ను నువ్వే పట్టిచ్చావు. కొక్కెం లేని ఫ్యానును గీయడం నీకు చేతకాదు.

"అమ్మ ఫ్యాను తిరగదు. ఇది తిరుగుతుంది" అని కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. ఈసారి చీటీ రాయించలేదు.

ఈరోజు పొద్దున తరగతికి వెళ్లేసరికి బల్ల మీద మూడు బుట్టలు ఉన్నాయి. మూడోది బుట్ట కాదు, దాని టిఫిన్ డబ్బా. రెండు బుట్టల మధ్యలో పెట్టింది. అందులో నత్త గుల్ల, ఎండుటాకు, ఒక ఈక, వదిన రాసిన నాలుగు ఉత్తరాలు ఉన్నాయి. నువ్వు రాసినది లేదు.

మిగతా పిల్లల్ని ఆటకు పంపి తలుపు వేశాను. అది నా ముందు నిలబడి ఒప్పజెప్పినట్టు చెప్పింది.

"టీచరత్తా, నాలుగుసార్లు తట్టాను. ఆగాను. జవాబు రాలేదు."

నీకిచ్చిన మాట నేను తప్పలేదు. తప్పే అవసరం రాలేదు. దగ్గరికి తీసుకుంటే ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడ్చింది నేను. అది నా వీపు మీద చేత్తో రాస్తూ, "నాన్నకి చెప్పకు" అంది.

"ఏం చెప్పొద్దు?"

"అమ్మ ఆగిపోయిందని నాకు తెలుసని. నాన్న బాగుచేయలేకపోయానని ఏడుస్తాడు. అందుకే దాచాడు. బాగుపడనివి దాస్తాడు కదా, మూల గోనెసంచి కింద."

ఆ గోనెసంచి సంగతి దానికి తెలుసు అన్నయ్యా. ఎప్పుడో తెలుసు. వదినకూ తెలుసు. నువ్వు ఎప్పటికీ ఎత్తి చూడని చోటు కాబట్టే వాళ్లిద్దరూ అక్కడ దాచారట. మందులకు జుట్టు ఊడిపోకముందే వదిన తన జడ చివర, దాని జడ చివర కత్తిరించి ఒకే రిబ్బనుతో కట్టింది. నీకు చూపిస్తే ఏడుస్తావని చెప్పలేదు. "నాన్నకి ఏడుపు తొందరగా వస్తుంది, మనమే చూసుకోవాలి" అందట వదిన.

ఆరేళ్ల పిల్ల రెండు నెలలుగా నిన్ను చూసుకుంటోంది. నీ కోసం అది నవ్వుతోంది, దాని కోసం నువ్వు ఉత్తరాలు దిద్దుతున్నావు. దాని ఏడుపు ఇంకా లోపలే ఉంది. నా దగ్గర ఏడవదు, నేనెవరిని? నీ దగ్గరే ఏడవాలి.

దానికి మాట ఇవ్వలేదు. అందుకే నీకు రాస్తున్నాను. ఈసారి వచ్చే నెల అనకు.

నీ చెల్లెలు


కొట్టు
సెప్టెంబరు 12

చెల్లీ,

గోనెసంచి ఎత్తాను. నాలుగు మాడిపోయిన ఫ్యాన్ల వెనక, కండెన్సరు వచ్చే చిన్న అట్టపెట్టె ఉంది. లోపల రెండు జుట్టు కొసలు, ఎర్ర రిబ్బను. ఒకటి నా జానెడు, ఇంకొకటి చిటికెన వేలంత. చాలాసేపు అక్కడే నేల మీద కూర్చున్నాను. ఫ్యాను తీసుకెళ్లడానికి వచ్చినాయన చూసి మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

ఇన్నాళ్లూ దాన్ని కాపాడుతున్నాననుకున్నాను. వాళ్లిద్దరూ నన్ను కాపాడుతున్నారని నాకు తెలియదు.

తను పోయిన రోజు నేను నిజంగానే ఆ స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని నిలబడ్డాను చెల్లీ. నర్సు చూసి, అదెందుకండీ అని అడిగింది. ఎవరికీ చెప్పలేదు ఇది. నీకు చెబుతున్నాను.

ఆ మాడిపోయిన నాలుగింటినీ బయటికి తీసి కొట్టు ముందు, అందరికీ కనబడేలా పెట్టాను. ఇవి బాగుపడవు అని చీటీలు రాసి అంటించాను. మొదటిసారి రాశాను ఆ మాట.

ఈ ఉత్తరం ఇవాళ సాయంత్రం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను, రేపు పొద్దున నేను బస్సెక్కుతున్నాను. పదకొండింటికి నీ దగ్గరికి చేరతాను. మీ వదిన రాసిన అయిదో ఉత్తరం, ఆరోది, ఆ అట్టపెట్టె తెస్తున్నాను. ఏది ఏ బుట్టలో పెట్టాలో మిరియమే చెబుతుంది. నేను రాసిన దొంగ ఉత్తరం మాత్రం నాకిచ్చెయ్.

తరగతి మధ్యలో అయినా సరే మిరియాన్ని బయటికి పంపు. నీళ్ల పంపు దగ్గర అరుగు మీద ఉంటాను. ఏం చెప్పాలో దారిలో ఆలోచించను, ఆలోచిస్తే మళ్లీ ఏదో ఒకటి కట్టి చెబుతాను. ఎర్ర పిడి స్క్రూడ్రైవరు దాని చేతికి తిరిగిచ్చి, నావల్ల కాలేదమ్మా అంటాను. నాకు ఏడుపు వస్తే దాచుకోను. అది చూడాలి, అప్పుడు గానీ అది ఏడవదు.

అన్నయ్య